చెప్పి మానండి



నేను హైదరాబాద్ మోతీనగర్‌లో ఉంటాను. వారానికి రెండుసార్లు సంచి పట్టుకుని ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్తాను. ఆ పక్కనే ప్రభుత్వ మానసిక చికిత్సాలయం ఉంది. ఎవరైనా కాస్త తిక్కగా మాట్లాడితే "వీణ్ణి ఎర్రగడ్డలో వెయ్యాలి" అంటారు మన ఊళ్లో. సినిమాల్లో ఆ మాట వస్తే హాలంతా నవ్వుతుంది. ఆ నవ్వు సంగతి చివర్లో మాట్లాడుకుందాం. ముందు మీకు ఒక ఆటగాడి కథ చెప్పాలి.

అతని పేరు డాక్ ఎల్లిస్. అమెరికాలో నల్లజాతి ఆటగాడు. 1945లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. ఆడింది బేస్‌బాల్. 1968 నుంచి 1979 దాకా 12 ఏళ్లు అక్కడి అత్యున్నత స్థాయి లీగుల్లో ఆడాడు. 138 ఆటలు గెలిపించాడు.

బేస్‌బాల్ మనకు అంతగా అలవాటు లేని ఆట. క్రికెట్ చూసేవాళ్లకు రెండు మాటల్లో చెప్తాను. మన బౌలర్ లాంటివాణ్ణి అక్కడ పిచ్చర్ అంటారు. బంతిని నేలకు తగలకుండా నేరుగా బ్యాటర్ మీదికి విసురుతాడు. ముగ్గురు అవుటైతే ఒక ఇన్నింగ్స్ అయిపోయినట్టు. అలాంటివి 9 ఇన్నింగ్స్. అంటే మొత్తం 27 మందిని అవుట్ చెయ్యాలి. ఆట మొత్తంలో అవతలి జట్టువాడు ఒక్కడు కూడా బంతిని సరిగ్గా కొట్టి మొదటి బేస్ దాకా చేరలేకపోతే, దాన్ని నో-హిట్టర్ అంటారు. పిచ్చర్‌కి అదొక కల. ఎంతో గొప్పవాళ్లు కూడా అది అందకుండానే ఆట ముగించారు. డాక్ ఎల్లిస్‌కి అది అందింది. ఎలా అందిందో కాసేపట్లో చెప్తాను.

ముందు మనిషి ఎలాంటివాడో చెప్పాలి. రంగురంగుల మనిషి. 1973లో జుట్టుకు కర్లర్లు చుట్టుకుని మైదానంలోకి వచ్చాడు. పైవాళ్లు వద్దన్నారు. అతను రుసరుసలాడాడు. 1974 మే 1న సిన్సినాటి జట్టు మీద ఆడుతూ, మొదటి ముగ్గురు బ్యాటర్లనూ వరుసగా, కావాలనే బంతితో కొట్టాడు. నాలుగో మనిషి ఎలాగో తప్పించుకున్నాడు. ఇక లాభం లేదని సొంత జట్టు మేనేజరే అతన్ని ఆట నుంచి బయటికి పిలిచాడు. అది మంచి పని అని నేను అనను. కానీ అతని తీరు అది. మనసులో ఉన్నది దాచుకోడు. నోట్లోనో చేతిలోనో బయటపడాల్సిందే.

ఆ నోటికి ధైర్యం కూడా ఉండేది. 1971లో దేశంలోని మేటి ఆటగాళ్లంతా ఆడే ఆల్ స్టార్ ఆట వచ్చింది. అవతలి జట్టుకు వైడా బ్లూ అనే నల్లజాతి పిచ్చర్ మొదలుపెట్టబోతున్నాడు. "అటు నల్లవాడుంటే ఇటు నల్లవాడైన నన్ను మొదట దింపరు" అన్న అర్థంలో ఎల్లిస్ పత్రికలవాళ్ల ముందే అనేశాడు. దుమారం రేగింది. చివరికి ఇద్దరూ ఎదురెదురుగా దిగారు. ఆ రోజుల్లోనే అతనికి ఒక ఉత్తరం వచ్చింది. రాసినవాడు జాకీ రాబిన్సన్. 1947 దాకా ఆ లీగుల్లో నల్లవాళ్లకు చోటు లేదు. ఆ తలుపు తీసుకుని మొదట లోపలికి వెళ్లినవాడు రాబిన్సన్. ఎంత అవమానం పడ్డాడో ఆయనకే తెలుసు. అలాంటి మనిషి ఈ కుర్రవాడికి రాశాడు. నీ ధైర్యం బాగుంది, మునుముందు నీకు కష్టాలు వస్తాయి, అయినా నిలబడు అని. ఎల్లిస్ ఆ ఉత్తరం జీవితాంతం దాచుకున్నాడు. ముసలితనంలో కెమెరా ముందు దాన్ని చదవబోయి ఏడ్చాడు. అతని మీద 2014లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆ దృశ్యం ఉంది. నాకు అతని మీద అభిమానం కలిగింది అక్కడే. బంతులతో మనుషుల్ని కొట్టిన మనిషి, ఒక కాగితం ముక్క పట్టుకుని మాట రాక ఆగిపోయాడు.

అన్నీ బయటికి అనేసే ఈ మనిషి ఒక్కటి మాత్రం దాచాడు. మత్తు. తాగుడు, మాత్రలు, ఇంకా ఏవేవో. మత్తు లేకుండా ఆ స్థాయిలో ఒక్క ఆట కూడా ఆడలేదని తర్వాత తనే చెప్పాడు. ఎందుకంటే భయం. ఓడిపోతానేమో, తీసేస్తారేమో అన్న భయం. లోపల అంత భయం ఉందని బయట ఎవరికీ తెలీదు.

1970 జూన్ 12. శాన్ డియాగోలో ఆట. జట్టు ఆ ఊరు చేరాక ఖాళీ దొరికిందని ఎల్లిస్ లాస్ ఏంజెలెస్‌లో తెలిసినవాళ్ల ఇంటికి వెళ్లాడు. అక్కడ ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు వేసుకున్నాడు. అది కళ్లముందు లేనివి చూపించే మందు. ఇవాళ ఏ రోజో కూడా అతనికి తెలియలేదు. ఆ ఇంటావిడ పేపరు చూపించి, ఇవాళ నువ్వు బంతి వెయ్యాలి కదా అంది. పరుగున విమానం ఎక్కాడు. మైదానానికి చేరాడు. మత్తు దిగలేదు. చేతిలో బంతి ఒకసారి పెద్దదిగా, ఒకసారి చిన్నదిగా అనిపించిందట. బంతులు అటూ ఇటూ పోయాయి. 8 మందిని ఊరికే మొదటి బేస్‌కి నడిపించాడు. కానీ ఒక్కడూ కొట్టలేకపోయాడు. 2-0తో జట్టు గెలిచింది. అదీ ఆ నో-హిట్టర్.

ఈ కథ ఇవాళ్టికీ అక్కడ నవ్వుతూ చెప్పుకుంటారు. బొమ్మలు గీశారు, పాటలు కట్టారు. నన్నడిగితే అది నవ్వే కథ కాదు. ఎందుకో వినండి. ఎల్లిస్ తర్వాత బాధపడుతూ చెప్పాడు, తన జీవితంలో అన్నిటికన్నా గొప్ప రోజు తనకు సరిగ్గా గుర్తే లేదని. ఆ మత్తే దాన్ని ఎత్తుకుపోయిందని. మన ఇళ్లలోనూ చూడండి. కూతురి పెళ్లిలో పీకలదాకా తాగిన తండ్రి ఉంటాడు. తలంబ్రాలు ఎప్పుడు పోసుకున్నారో అతనికి తెలీదు. ఆల్బమ్ చూసి తెలుసుకుంటాడు. అతన్ని చూసి నవ్వగలమా?

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. 1976లో ఎల్లిస్ మీద ఒక పుస్తకం వచ్చింది. డొనాల్డ్ హాల్ అనే కవి అతనితో కలిసి రాశాడు. అందులో ఆ రోజు వేసుకున్న మత్తుమందు పేరు లేదు. వోడ్కా తాగాడని ఉంది. నిజం దాచారు. 1979లో ఆట అయిపోయింది. 1980లో ఎల్లిస్ ఆరిజోనాలో ఒక చికిత్సా కేంద్రంలో చేరాడు. మానేశాడు. ఆ తర్వాత 1984లో ఆ నిజం లోకానికి చెప్పాడు. 14 ఏళ్లు కడుపులో పెట్టుకున్న మాట. మత్తులో ఉన్నంతకాలం దాచాడు. మానేశాక చెప్పగలిగాడు.

ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. దాచుకున్నంతకాలం మత్తు వదలదు. ఇవాళ నేను మీకు చెప్పదలుచుకున్నది ఈ ఒక్క మాటే. మానాలనుకుంటే చెప్పి మానండి. చెప్పకుండా, ఒంటరిగా, ఒక్కసారిగా మానకండి.

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. మా మేనమామ సనత్‌నగర్ ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో లేతు మిషన్ మీద పనిచేసేవాడు. చెయ్యి తిరిగిన పనివాడు. ఇరవై ఏళ్లు రోజూ తాగాడు. ఒక ఉగాది రోజు, పచ్చడి తిన్నాక, ఇవాల్టి నుంచి ముట్టను అన్నాడు. డాక్టర్ దగ్గరికి పోదామంటే వద్దన్నాడు. "నా అలవాటు, నేనే మానుకుంటా, ఊరందరికీ చెప్పాలా?" అని గదిలో తలుపు వేసుకున్నాడు. మేమంతా సంతోషించాం. మగాడంటే అలా ఉండాలి అని కూడా అన్నాం. అది మా తప్పు.

మర్నాటికి ఒళ్లంతా చెమట. చేతులు వణుకు. అత్తయ్య టీ తెస్తే గ్లాసు నిలవదు. ఆవిడ స్టీలు గ్లాసులో సగమే పోసి, కింద తన అరచెయ్యి ఆనించి తాగించింది. మూడో రాత్రి గోడ మీద చీమలు పాకుతున్నాయన్నాడు. గోడ మీద ఏమీ లేవు. వాకిట్లో ఎవరో నిలబడ్డారన్నాడు. అక్కడెవరూ లేరు. దిష్టి అన్నారు ఒకరు. గాలి సోకింది అన్నారు ఇంకొకరు. తాయెత్తు కూడా కట్టారు. తెల్లవారుజామున భయమేసి ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఇంకొంచెం ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదన్నారు.

అది దిష్టి కాదు. దాని వెనక శరీరం లెక్క ఒకటి ఉంది. మీరు తాడు లాగే ఆట చూసే ఉంటారు. రెండు వైపులా బలంగా లాగుతుంటారు. అవతలివాళ్లు ఒక్కసారిగా తాడు వదిలేస్తే ఏమవుతుంది? ఇవతలివాళ్లు వెనక్కి పడిపోతారు. మెదడు విషయంలోనూ అంతే. మద్యం రోజూ మెదడును మందగింపజేస్తుంది. మెదడు దానికి ఎదురు లాగుతూ ఉంటుంది. ఏళ్ల తరబడి లాగి లాగి అలవాటు పడుతుంది. ఒక్కరోజు మద్యం ఆగిపోతే మెదడు అదే బలంతో లాగుతూనే ఉంటుంది. అందుకే వణుకు. అందుకే నిద్ర పట్టకపోవడం. కొందరికి మూర్ఛ వస్తుంది. కొందరికి లేనివి కనిపిస్తాయి. మొదటి మూడు నాలుగు రోజులే అన్నిటికన్నా ప్రమాదం. డాక్టర్లు ఈ తాడును మెల్లగా వదిలిస్తారు. కొన్ని రోజులు మాత్రలు ఇస్తారు. మోతాదు తగ్గించుకుంటూ వస్తారు. తాగుడుతో శరీరంలో తగ్గిపోయిన బీ1 విటమిన్ ఎక్కిస్తారు. మళ్లీ చెప్తున్నాను, రోజూ ఎక్కువగా తాగేవాళ్లు డాక్టర్‌కి చెప్పకుండా ఒక్కసారిగా మానకూడదు.

2020లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇదే చూశాం. మార్చి చివర్లో మద్యం దుకాణాలు మూతపడ్డాయి. కల్లు దొరకలేదు. ఎర్రగడ్డ ఆసుపత్రికి వణుకుతూ, భ్రమలతో వచ్చేవాళ్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగిపోయింది. రాష్ట్రంలో ఆత్మహత్యల వార్తలు కూడా విన్నాం. మే నెలలో దుకాణాలు తెరిచిన రోజు కిలోమీటర్ల కొద్దీ వరసలు. ఆ వరసలను చూసి టీవీల్లో జోకులు వేశారు. ఆ నిలబడ్డవాళ్లలో ఎంతమంది జబ్బు మనుషులో ఎవరూ ఆలోచించలేదు. నాకు ఇప్పటికీ అది తలుచుకుంటే కష్టంగా ఉంటుంది.

డాక్టర్ సంగతి అయింది. ఇంక తోడు సంగతి. ఇంట్లో బల్బు మార్చాలంటే నిచ్చెన వేస్తాం. ఎక్కేది ఒకరే. కానీ కింద ఇంకొకరు నిచ్చెన పట్టుకుంటారు. ఆ పట్టుకున్నవాడు బల్బు మార్చడు. పైకీ ఎక్కడు. "పట్టుకున్నా, భయపడకు" అంటాడు. అంతే. ఆ మాటతోనే పైనున్నవాడి కాళ్లు వణకడం తగ్గుతుంది. మానేవాడికి కావల్సింది కూడా అదే.

ఈ తోడు సంగతి లోకానికి తెలిసిన కథ ఒకటి ఉంది. 1935 మే నెల. అమెరికాలో యాక్రన్ అనే ఊరు. బిల్ విల్సన్ అనే అతను తాగుడు మానేసి కొన్ని నెలలైంది. వ్యాపారం పని మీద వచ్చాడు. పని చెడిపోయింది. హోటల్లో ఒంటరిగా నిలబడ్డాడు. పక్కనే బారు. లోపలి నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. కాళ్లు అటు లాగుతున్నాయి. అప్పుడతను ఫోన్ దగ్గరికి వెళ్లాడు. ఊళ్లోని చర్చిల నంబర్లు వెతికాడు. తనలాగే తాగుడుతో బాధపడేవాడితో మాట్లాడాలి, ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. అలా ఒకరి ద్వారా ఒకరు, బాబ్ స్మిత్ అనే సర్జన్ దొరికాడు. ఆయన అప్పటికీ తాగుతూనే ఉన్నాడు. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. బిల్ ఆ రోజు తాగలేదు. కొన్ని వారాలకు, జూన్ 10న, ఆ డాక్టర్ కూడా మానేశాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంఘం ఆ రోజునే తన పుట్టినరోజుగా చెప్పుకుంటుంది. ఆ సంఘం సమావేశాలు మన హైదరాబాద్‌లోనూ జరుగుతాయి. డబ్బు అడగరు. ఇంటిపేరు అడగరు. వెళ్లి కూర్చుంటే చాలు.

గమనించారా? బిల్ విల్సన్ వెతికింది ఉపదేశం చేసేవాణ్ణి కాదు. తనలాంటివాణ్ణి. తాగనివాడు చెప్పే మాటకన్నా, తాగి మానినవాడు చెప్పే మాట లోపలికి దిగుతుంది.

డాక్ ఎల్లిస్ కూడా మానేశాక ఆ పనే చేశాడు. మత్తులో చిక్కుకున్నవాళ్లకు సలహాదారుగా మారాడు. న్యూయార్క్ యాంకీస్ అనే పెద్ద జట్టులో ఒకప్పుడు ఆడినవాడే. అదే జట్టు 1980లలో తమ కుర్ర ఆటగాళ్లతో మాట్లాడమని అతన్ని పెట్టుకుంది. తర్వాత జైళ్లలో ఖైదీలకూ చెప్పాడు. తన బాగున్న రోజులు మాత్రమే చెప్పుకోలేదు. భయం గురించి చెప్పాడు. చేసిన తప్పులు చెప్పాడు. అతని వల్ల ఇంట్లో ఆడవాళ్లు ఎంత భయపడ్డారో ఆ డాక్యుమెంటరీలో వాళ్ల నోటే వింటాం. మానేసినంత మాత్రాన అవి చెరిగిపోవు. కానీ ఎల్లిస్ వాటిని దాచే పని మానేశాడు. అతని 138 గెలుపులకన్నా, మానేశాక చేసిన ఆ పని ఎక్కువ విలువైందని నా అభిప్రాయం.

మా మేనమామ కూడా బాగుపడ్డాడు. మధ్యలో రెండుసార్లు జారాడు. జారడం కూడా ఈ జబ్బులో భాగమేనని డాక్టర్ ముందే చెప్పారు. బీపీ మందు మానేస్తే బీపీ మళ్లీ పెరగదా? అప్పుడు రోగిని తిడతామా, మళ్లీ మందు ఇస్తామా? ఇదీ అంతే. మూడోసారి నిలబడ్డాడు. ఆ తర్వాత మా బస్తీలో ఎవరైనా మానాలనుకుంటే ఆయన్ని పిలిచేవారు. ఆయన వెళ్లి ఏమీ చెప్పేవాడు కాదు. పక్కన కూర్చునేవాడు. టీ వస్తే గ్లాసు కింద అరచెయ్యి పెట్టేవాడు. అత్తయ్య తనకు పెట్టినట్టే.

మరి మనం తోడుగా ఉండాలంటే ఏం చెయ్యాలి? పెద్ద పనేమీ లేదు. తిట్టకండి. నలుగురిలో పరువు తీయకండి. వాళ్లు మత్తులో ఉండగా ఉపదేశం మొదలుపెట్టకండి. మత్తు దిగిన పూట, పొద్దున్నే, మెల్లగా అడగండి. "డాక్టర్ దగ్గరికి నేను వస్తాను, వెళ్దామా?" అనండి. వెళ్లు అనకండి. వెళ్దాం అనండి. ఆ ఒక్క అక్షరం తేడా చాలా పని చేస్తుంది. మానిన మొదటి వారం రాత్రిళ్లు ఒంటరిగా వదలకండి. సాయంత్రం తాగే వేళకు ఏదైనా పని పెట్టండి. కూరగాయలకు వెళ్లడమో, మనవడిని పార్కుకు తీసుకెళ్లడమో. వణుకు, మూర్ఛ, భ్రమలు కనిపిస్తే మాత్రం ఆలోచించకండి. తాయెత్తు వద్దు. ఆసుపత్రి.

ఒక్క సంగతి దాచకుండా చెప్పాలి. డాక్ ఎల్లిస్ 1980లో మానేశాడు. కానీ అంతకుముందు తాగింది కాలేయంలో పని చేసుకుంటూ పోయింది. గుమ్మానికి చెద పట్టాక మందు కొడితే పురుగు చస్తుంది. తిన్న కర్ర తిరిగి రాదు. అతనికి సిర్రోసిస్, అంటే కాలేయం గట్టిపడే జబ్బు, వచ్చింది. కాలేయం మార్పిడి కోసం ఎదురుచూశాడు. దొరకలేదు. 2008 డిసెంబర్ 19న లాస్ ఏంజెలెస్‌లో చనిపోయాడు. 63 ఏళ్లు. కాలేయం చాలా ఓపిక గల అవయవం. పూర్తిగా గట్టిపడక ముందే మానేస్తే చాలావరకు కోలుకుంటుంది. అందుకే రేపు అనకండి.

ఇప్పుడు మొదట చెప్పిన ఎర్రగడ్డ దగ్గరికి వద్దాం. ఆ పేరు విని మనం నవ్వినప్పుడల్లా, ఎక్కడో ఒక ఇంట్లో ఒక మనిషి ఆ మెట్లు ఎక్కకుండా ఆగిపోతున్నాడు. అక్కడికి వెళ్తే పిచ్చివాడంటారని. పిల్లకు సంబంధాలు రావని. మా మేనమామ తలుపు వేసుకుంది కూడా ఆ భయంతోనే. మోతీనగర్ వాళ్లం, బోరబండ వాళ్లం, ఎర్రగడ్డ వాళ్లం, కనీసం మనమైనా ఆ వెటకారం మానేద్దాం. ఎర్రగడ్డ ఆసుపత్రి కూడా గుండె ఆసుపత్రి లాంటిదే. కంటి ఆసుపత్రి లాంటిదే.

కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. మత్తు మానాలనుకునేవాళ్లకూ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ దేశమంతటికీ ఒక ఉచిత ఫోన్ నంబర్ ఉంది. ఒకటి, నాలుగు, నాలుగు, నాలుగు, ఆరు. మళ్లీ చెప్తున్నాను. 14446. ఆ కాగితాన్ని ఫ్రిజ్ మీదో, క్యాలెండర్ పక్కనో అంటించండి. మీకు అవసరం లేకపోవచ్చు. మీ ఇంటికి వచ్చినవాళ్లలో ఎవరో ఒకరు దాన్ని చూస్తారు.